బీటెక్ ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్), పైన ఎనర్జీ ఆనర్స్: నాలుగేళ్ళు ఫీజు కట్టిన తండ్రి రివ్యూ

ముందే చెప్పేస్తానండి, నా మార్కులు పదికి ఆరున్నర. అందులో నాలుగు మెషీన్స్ ల్యాబుకీ, ఆ ల్యాబు చూసే మేడమ్‌కీ. కాలేజీ పేరు అడక్కండి. డెల్టాలోదే, ముందు కాలవ, వెనక వరిచేలు. మా అమ్మాయి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా వాళ్ళ బీరువాలోనే ఉన్నాయి, అవి చేతికొచ్చేదాకా పేరు రాసే ధైర్యం నాకు లేదు. ఈఏపీసెట్ కౌన్సెలింగు దగ్గర పడేసరికి షాపుకొచ్చి "మీ అమ్మాయి చదివిన కోర్సు మంచిదేనా అండి" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

నాది పాలకొల్లులో మోటార్ల రివైండింగ్ షాపు. ఐటీఐ చదివాను. రైసుమిల్లు మోటార్లు, బోరు మోటార్లు కూడా వస్తాయి గానీ ఇల్లు గడిచేది మాత్రం రొయ్యల చెరువుల ఏరేటర్ల (నీళ్ళలో గాలి కలిపే యంత్రాల) మీదే. అందుకని కాలేజీ విషయంలో నేను చూసేది ఒక్కటే: ఈ చదువు అయ్యాక పిల్ల మన చుట్టుపక్కల కరెంటు సమస్య ఒకటి పట్టుకుని లెక్క తేల్చగలదా, లేదా. క్యాంటీన్ ఎలా ఉంది, ఫెస్టుకి ఏ హీరో వచ్చాడు అనేవి వేరేవాళ్ళు రాస్తారు.

చేర్చేటప్పుడు ఇంట్లో గొడవే అయింది. మా బావమరిది "సీఎస్‌ఈ వేయించెయ్ బావా, అమ్మాయి స్తంభాలెక్కుద్దా ఏంటి" అన్నాడు. అమ్మాయి మాత్రం చిన్నప్పట్నుంచీ షాపులో కాయిల్స్ చుట్టడం చూసిందేమో, ట్రిపుల్ ఈ తప్ప వేరే ఆప్షన్ పెట్టనంది. రెండో ఏడాది అయ్యాక ఆనర్స్ అన్నారు. మామూలు డిగ్రీకి 160 క్రెడిట్లు, దీనికి ఇంకో 20. అదనంగా చదివేవి సోలార్, విండ్, బ్యాటరీలు, స్మార్ట్ గ్రిడ్డు, ఎనర్జీ ఆడిటింగు. 2024లో మన ఆంధ్రా ప్రభుత్వం క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది కదా, 160 గిగావాట్లు, పది లక్షల కోట్ల పెట్టుబడి, ఏడున్నర లక్షల ఉద్యోగాలు లక్ష్యమని. ఆ అంకెలన్నీ కాలేజీ గేటు ముందు ఫ్లెక్సీ మీదకెక్కాయి. పక్కనే ప్రిన్సిపాల్ గారి ఫొటో. ఏడున్నర లక్షల్లో ఆ కాలేజీ వాటా ఎంతో మాత్రం వేయలేదు.

మంచి సంగతి ముందు. మెషీన్స్ ల్యాబు. చూడ్డానికి పాతదండి, డీసీ మోటార్లు, రియోస్టాట్లు, బల్ల మీద పెద్దపెద్ద వాట్‌మీటర్లు. ఈ కాలంలో ఇదెందుకు, అంతా కంప్యూటర్లో సిమ్యులేషన్ చేసుకోవచ్చు కదా అని పేరెంట్స్ మీటింగులో ఒకాయన అన్నాడు. నేను ఒప్పుకోను. చేత్తో వైరు పెట్టి, ఫ్యూజు ఎగిరిపోతే ఎందుకు ఎగిరిందో వెతికిన పిల్లకీ, స్క్రీన్ మీద గ్రాఫు చూసిన పిల్లకీ చాలా తేడా ఉంటుంది.

ఆ ల్యాబు మేడమ్ మూడో ఏడాదిలో "మీ ఊళ్ళో రివైండింగ్ చేసిన మోటారు ఒకటి పట్టుకురండి" అన్నారట. మా అమ్మాయి షాపులోంచి రెండు హెచ్‌పీ ఏరేటర్ మోటారు ఒకటి, అదే కంపెనీ అదే సైజు కొత్తది ఒకటి ఆటోలో వేసుకెళ్ళింది. రెండింటికీ నో లోడ్ టెస్టు, అంటే ఏ బరువూ లేకుండా ఉత్తినే తిప్పి ఎంత కరెంటు లాగుతుందో చూడటం, చేశారు. కొత్తది నూట అరవై వాట్ల దగ్గర ఆగితే, రెండుసార్లు రివైండింగ్ అయినది నూట తొంభై దాకా లాగింది. మా లైన్లో ఉన్నవాళ్ళందరికీ ఇది తెలిసిన సంగతే. పాత వైండింగు ఊడదీయడానికి స్టేటర్‌ని మంటలో కాలుస్తారు, మంట ఎక్కువైతే స్టాంపింగుల (లోపలి పల్చటి ఇనప రేకుల) మధ్య వార్నిష్ మాడి కోర్ వేడెక్కడం మొదలెడుతుంది. కానీ ఆ వేడి ఎన్ని వాట్లో మాకు ఎవరూ కొలిచి చూపించలేదు. సాయంత్రం ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టి, "నాన్నా, ముప్పై వాట్లు, రాత్రికి పది గంటలు, రొయ్యల కల్చర్ నాలుగు నెలలు, ఎన్ని మోటార్లో నువ్వే గుణించుకో" అంది. కరెంటు పొదుపు గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా రానిది ఆ ఒక్క కాగితంతో వచ్చింది నాకు. నాలుగు మార్కులు ఊరికే వేయలేదు.

ఇక సోలార్ ల్యాబు. నవ్వకండి. ఏసీ గదిలో బల్ల మీద అట్టముక్కంత ప్యానెల్, దాని నెత్తిన రెండు హాలోజన్ బల్బులు. బల్బు వేస్తే ప్యానెల్ కరెంటు ఇస్తుంది, పిల్లలు రీడింగు రాసుకుంటారు. బయట చూస్తే మే నెల ఎండ, తారు కరుగుతోంది. కరెంటు పెట్టి బల్బు వెలిగించి, ఆ బల్బుతో కరెంటు పుట్టించడం ఎలాగో నేర్పుతున్నారన్నమాట. వర్షాకాలంలో కూడా ప్రయోగం జరగాలి కదండి అని డిపార్టుమెంటు వాళ్ళు సమర్థించుకున్నారు. అదీ నిజమే అనుకోండి, కానీ హాలోజన్ వెలుతురులో ఎరుపు, వేడి ఎక్కువ, ఎండతో సమానం కాదు. ఆ రీడింగులతో నిజం ప్యానెల్‌ని అంచనా వేస్తే దెబ్బతింటారు.

అక్కడ కూడా మళ్ళీ ఆ మేడమే ఆదుకున్నారు. ఒకరోజు పిల్లల్ని ఎండలోకి తీసుకెళ్ళి, నేల మీద పెద్ద ప్యానెల్ ఒకటి పెట్టి మల్టీమీటర్ తగిలించి, బకెట్ నీళ్ళు పోయించారట. నీళ్ళు పడగానే వోల్టేజి పైకి లేచింది. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర లెక్క. మన డాబాల మీద వేసవి మధ్యాహ్నం ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది. డిగ్రీకి మూడో వంతు శాతం పైన పోతుంది కాబట్టి ఎండ మండిపోయే రోజునే పది, పన్నెండు శాతం తక్కువ వస్తుంది. ఇది బకెట్ నీళ్ళతో చూసినవాడు జన్మలో మర్చిపోడు.

కాలేజీ మేడ మీద పెద్ద సోలార్ ప్లాంటు ఉంది. బ్రోచరు అట్ట మీద దాని డ్రోన్ ఫొటోనే. పిల్లల్ని మాత్రం పైకి పంపరు, మెట్ల దగ్గర తాళం. ప్లాంటు కాలేజీది కాదట, ఓ కంపెనీ పెట్టి యూనిట్‌కి ఇంతని అమ్ముతోందట, ఎవరికైనా ఏదైనా అయితే మాట వస్తుందని భయం. భయం అర్థం చేసుకోగలను. కానీ ఇన్వర్టర్ లెక్కలు ఫోన్లో కనపడతాయి కదా, ఆ లాగిన్ పిల్లలకిస్తే కొంపలేం మునిగిపోవు. నాలుగేళ్ళలో ఆ మాట రెండు మీటింగుల్లో అడిగాను. "మేనేజ్‌మెంట్ దృష్టికి తీసుకెళ్తాం" అన్నారు. దీనికి మార్కు కట్.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అసలు చదువు వచ్చిందో లేదో అక్కడే తెలుస్తుంది. చాలా బ్యాచులు భీమవరంలోనో విజయవాడలోనో రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొస్తాయి. కిట్టు, రిపోర్టు, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు, అన్నీ ఒకే కవర్లో. ఇది అన్ని కాలేజీల్లోనూ ఉన్నదే, కానీ ఇక్కడ అడ్డుకునే ప్రయత్నం కూడా కనపడలేదు.

రివ్యూ రోజు నేనూ వెళ్ళాను, పేరెంట్స్‌ని పిలిచారు. ఒక బ్యాచి వాళ్ళు "ఆక్వా చెరువులకు సోలార్" అని స్లైడ్లు వేశారు. కుర్రాళ్ళు చక్కగా మాట్లాడారు. కిలోవాటుకి యాభై వేలు ఖర్చు, ఏడాదికి 1,400 యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయలు, అయిదేళ్ళలో పెట్టుబడి తిరిగొస్తుంది అన్నారు. చప్పట్లు. నేను చెయ్యెత్తి అడిగాను: "బాబూ, ఆక్వా జోన్లో పదెకరాల లోపు రైతుకి సబ్సిడీ మీద యూనిట్ రూపాయిన్నర కదా?" కుర్రాడు గైడ్ సార్ వైపు చూశాడు, సార్ స్లైడ్ వైపు చూశాడు. రూపాయిన్నర చొప్పున అయితే 1,400 యూనిట్లకి ఏడాదికి 2,100 రూపాయలు. యాభై వేలు తిరిగి రావాలంటే ఇరవై మూడేళ్ళు దాటుతుంది. ఈ లోపల ఇన్వర్టర్ మార్చాలి, ఉప్పుగాలికి స్టాండు తినేస్తుంది. సబ్సిడీ మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి. రైతు చేతికొచ్చే బిల్లు చూడకుండా ఎనర్జీ ఇంజనీరు అయిపోవడం ఎలాగండి?

ఇంకోటి. ఏరేటర్లు ముఖ్యంగా కావలసింది రాత్రిపూట. పగలు నీళ్ళలో నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది, చీకటి పడ్డాక అదే నాచు, రొయ్యలు, అడుగున మడ్డి అన్నీ కలిసి ఆక్సిజన్ లాగేస్తాయి, తెల్లారగట్ల డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. రెండు హెచ్‌పీ మోటార్లు పది అనుకోండి, దాదాపు 19 కిలోవాట్లు, పది గంటలకి 190 యూనిట్లు. సోలార్ కిలోవాటుకి రోజుకి నాలుగు యూనిట్లు ఇస్తుంది. అంటే 47, 48 కిలోవాట్ల ప్యానెళ్ళు, పగటి కరెంటు రాత్రికి దాచే బ్యాటరీ. బ్యాటరీ ఖరీదు వాళ్ళ స్లైడ్లో అసలు లేనే లేదు.

మా అమ్మాయి వాళ్ళ బ్యాచి ప్రాజెక్టు కూడా చెరువు మీదే, కానీ సోలార్ జోలికి పోలేదు. అసలు రాత్రంతా అన్ని ఏరేటర్లూ తిరగాలా అని మొదలెట్టారు. రైతులు చీకటి పడ్డాక స్విచ్చులన్నీ వేసేసి పొద్దున్నే ఆపుతారు. మీటరు పెట్టి చూస్తే అర్ధరాత్రి దాకా డీఓ ఫర్వాలేదు. కాబట్టి ముందు సగం, పడిపోతుంటే మిగతా సగం, దానంతటదే వేసే కంట్రోలర్. చెప్పడానికి ఇంతే. చెరువులో పెట్టాక తెలిసింది కష్టం. సెన్సర్ మీద వారం తిరక్కుండా జిగురు పట్టేస్తుంది, తుడవకపోతే ఉన్న ఆక్సిజన్ కూడా లేనట్టు చూపిస్తుంది. పిల్లలు పాత టూత్ బ్రష్ తాడుకి కట్టి గట్టు మీద పెట్టుకున్నారు.

చెరువు మా చిన్నాన్న కొడుకుది. "అన్నయ్యా, మీ వాళ్ళ బాక్సు చెడిపోయి ఏరేటర్లు ఆగితే పంటంతా తేలిపోద్ది, ఎవడిస్తాడు నాకు డబ్బులు" అన్నాడు. న్యాయమే. లక్షల పంట. అప్పుడు షాపులో కూర్చుని తేల్చాం: కంట్రోలర్ని స్టార్టర్ కాయిల్‌కి ఎన్‌సీ కాంటాక్టు (బాక్సుకి కరెంటు లేనప్పుడు కలిసే ఉండే స్విచ్చు) మీదుగా కలపాలి. బాక్సు బతికుండి "ఆపు" అంటేనే మోటారు ఆగాలి. బాక్సు చచ్చిపోతే అన్నీ తిరుగుతూ ఉండాలి. ఇది సిలబస్‌లో ఉందో లేదో నాకు తెలీదు గానీ, వైవాలో ఎక్స్‌టర్నల్ ఆయన ఎక్కువసేపు ఆగింది దీని దగ్గరేనట. రోజుకి ముప్పై, నలభై యూనిట్లు తగ్గాయి ఆ చెరువుకి. రూపాయిన్నర బిల్లు మీద రైతుకి మిగిలేది కొంచెమే, కానీ ఆ యూనిట్లు ఎక్కడో బొగ్గు కాల్చి పంపినవే కదా. ఏరేటర్లు తక్కువ తిరిగితే మోటార్లు తక్కువ కాలతాయి, నా షాపుకి గిరాకీ తగ్గుతుంది. దానికీ నేనే వైరింగు చేసిపెట్టాను, ఏం చేస్తాం.

కోర్సులో పెద్ద లోటు ఏంటంటే, పుస్తకం దేశం మొత్తానికి ఒకటే. మన నేల, మన గాలి అందులో ఉండవు. అంతర్వేది వైపు, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి మామూలు నట్టు బోల్టు ఎన్నాళ్ళుంటుంది? కోస్తాలో కట్టేదానికి సెకనుకి 50 మీటర్ల గాలి, అంటే గంటకి 180 కిలోమీటర్లు తట్టుకోవాలని ఐఎస్ కోడ్‌లో (దేశమంతటికీ కట్టడాల ప్రమాణాల పుస్తకంలో) ఉంది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని ఏం చేసిందో మా వయసు వాళ్ళందరికీ గుర్తే. ప్యానెల్ స్టాండు డాబాకి ఎలా బిగించాలో మాత్రం "సివిల్ వాళ్ళ సబ్జెక్టు" అని వదిలేశారు. కొబ్బరి నీడ సంగతీ అంతే. పాత రకం ప్యానెల్లో మట్ట నీడ ఒక్క నిలువు వరస సెల్స్ మీద పడితే చాలు, డయోడ్ ఆ భాగాన్ని పక్కన పెట్టేస్తుంది, మూడో వంతు ఉత్పత్తి పోతుంది. డయోడ్ గురించి పరీక్షలో పది మార్కుల ప్రశ్న ఉంది. కొబ్బరిచెట్టు గురించి ఎక్కడా లేదు. కోనసీమలో ఏ ఇంటికెళ్ళినా ముందు అడ్డొచ్చేది కొబ్బరిచెట్టే.

గ్యాస్ పాఠం కూడా ఇలాగే జారిపోయింది. రావులపాలెం దగ్గర దేవరపల్లిలో 445 మెగావాట్ల గ్యాస్ ప్లాంటు కట్టారు. 2009లో కేజీ డీ6 (మన కృష్ణా గోదావరి తీరాన సముద్రంలోని బావుల) గ్యాస్ రావడం మొదలైంది, ఏడాది తిరిగేసరికి తగ్గుముఖం పట్టింది, ప్లాంటు గ్యాస్ లేక మూలపడింది. ఇంధనం ఎన్నాళ్ళు దొరుకుతుందో చూసుకోకుండా కడితే ఏమవుతుందో చెప్పడానికి బస్సులో గంట ప్రయాణం చాలు. పిల్లల్ని తీసుకెళ్ళింది వైజాగ్. ఇండస్ట్రియల్ టూర్ పేరుతో ఒక పూట ప్లాంటు, ఒకటిన్నర రోజు బీచ్. పోనీ లోయర్ సీలేరు చూపించొచ్చు, 460 మెగావాట్ల జలవిద్యుత్తు. దాళ్వాకి (రెండో పంట వరికి) గోదావరిలో నీళ్ళు చాలకపోతే మనం అడిగేది సీలేరు నీళ్ళనే కదండి. అవి శబరిలో కలిసి, గోదావరిలో దిగి, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మన కాలవల్లోకి వస్తాయి. కరెంటు కోసం ఎప్పుడు వదలాలి, వరికి ఎప్పుడు వదలాలి అన్న లెక్క ఒక్కటి చాలు, సెమిస్టర్ మొత్తం చెప్పుకోవచ్చు.

ఆనర్స్‌లో కొన్ని సబ్జెక్టులు ఎన్‌పీటీఈఎల్లో చేయించారు. ఐఐటీ వాళ్ళ పాఠాలు, ఇంట్లో కూర్చుని ఉచితంగా వినొచ్చు, పరీక్ష రాయాలంటే అప్పట్లో వెయ్యి రూపాయల ఫీజు. బాగున్నాయి. ఉచితంగా దొరికేదానికి కాలేజీ విడిగా ఆనర్స్ ఫీజు ఎందుకు తీసుకుందో మాత్రం నాకు అంతుబట్టలేదు.

క్లాసులో చెప్పింది ఇంటికి పనికొచ్చిన సందర్భాలూ ఉన్నాయి, అన్యాయంగా మాట్లాడకూడదు. మా వీధిలో ఒకాయన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లు పెట్టించుకున్నారు, 78 వేలు సబ్సిడీ. గాలివానకి కరెంటు పోయింది, ఆయన ఇంట్లో ఫ్యానూ ఆగింది. "పైన అంత సోలార్ పెట్టి కరెంటు లేకపోవడమేంటండి, మోసం చేశారు" అని నా షాపు మీదకొచ్చారు, పెట్టింది నేను కాకపోయినా. అమ్మాయి చెప్పింది: "బాబాయ్ గారూ, లైన్లో కరెంటు లేదని స్తంభమెక్కిన లైన్‌మ్యాన్‌కి మీ మేడ మీంచి షాకు కొట్టకూడదు కదండీ, అందుకే ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోద్ది. ఆగకపోతేనే కంప్లైంటు చేయాలి." ఆయన మెత్తబడ్డారు. బ్యాటరీ ఉన్న రకం ఖరీదెంతో అడిగి వెళ్ళారు.

ఉద్యోగాలు. క్యాంపస్‌కి వచ్చినవన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలే. ఎనర్జీ ఆనర్స్ చేసిన వాళ్ళని కోడింగ్ పరీక్షకి కూర్చోబెట్టి, ఎంపికైతే అదే ఫ్లెక్సీ మీద "గ్రీన్ ఎనర్జీ విభాగం, అద్భుత ప్లేస్‌మెంట్లు" అని వేశారు. మా అమ్మాయి కర్నూలు వైపు ఓ సోలార్ కంపెనీలో ట్రైనీగా చేరింది, సొంతంగా అప్లై చేసుకుంది. 1,680 మెగావాట్ల పిన్నాపురం పంప్డ్ స్టోరేజీ ఆ వైపే ఉంది, చూసొచ్చి ఫొటోలు పంపింది. పగటి సోలార్ కరెంటుతో నీళ్ళు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి మళ్ళీ కరెంటు తీస్తారు. ఇంటర్వ్యూలో ఆమెని అడిగింది ఎన్‌సీ కాంటాక్టు గురించి, మోటారు టెస్టు గురించి. గ్రేడ్ల కాగితం చివర్లో చూశారట.

చేర్చాలా వద్దా అంటారు. పిల్లకి చేతులు నల్లబడటం ఇష్టమైతే చేర్చండి, మా చిన్నాణ్ణి కూడా అక్కడే, అదే బ్రాంచిలో వేస్తున్నాను. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి వెళ్ళి ల్యాబులు చూడండి. మేడ మీదకి పిల్లల్ని పంపుతారా, కిందటేడు ప్రాజెక్టుల్లో ఎన్ని మీటరు రీడింగు తీసి చేసినవి, ఆనర్స్ ఫీజుకి రసీదు ఇస్తారా, ఈ మూడూ అడగండి. ఆ మెషీన్స్ ల్యాబు మేడమ్ ఇంకా ఉన్నారో లేదో కూడా కనుక్కోండి, పక్క కాలేజీ వాళ్ళు పిలుస్తున్నారని విన్నాను. ఆవిడ వెళ్ళిపోతే నా ఆరున్నర కాస్తా మూడున్నర అనుకోండి.

బస్సు సంగతి మర్చిపోయేవాణ్ణి. ఆనర్స్ క్లాసులు సాయంత్రం పెడతారు, కాలేజీ బస్సు వాటి కోసం ఆగదు. పాలకొల్లు, నరసాపురం వైపు వాళ్ళు ఆర్టీసీ పాస్ తీసుకోవాలి, బస్సు ఫీజు మాత్రం ఏడాదికి మొత్తం ముందే కట్టించుకుంటారు.